చేటలో నలభై నల్లరాళ్లు

గాజుకొండ చేరేలోగా కుంభిపురం రాకుమారుడు హేమాంగదుడు నా ప్రాణం మూడుసార్లు కాపాడాడు. ఆ మూడుసార్లూ నన్ను చావు నోట్లోకి తోసింది కూడా అతనే. కనుక చెల్లుకు చెల్లు. ఏనుగుల కనుమలో మంద నిద్రపోతోంది, పక్కనుంచి జారుకుందామంటే “క్షత్రియుడు దొంగలా నడవడు” అని శంఖం ఊదాడు. నల్లేటి రేవులో దొంగలు దారి విడవడానికి రెండు కంబళ్లు అడిగారు. ఇచ్చి పోదామన్నాను. కత్తి దూశాడు. పన్నెండుమందిని పడగొట్టిన మాట నిజమే. ఆ తొక్కిసలాటలో కంబళ్లు ఏట్లో కొట్టుకుపోయాయి, తర్వాత మూడు రోజులు ఇద్దరమూ చలికి వణికాం. మూడో సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నడుము పట్టేస్తుంది, వదిలేస్తాను.

నా పేరు పేరిశెట్టి. తెరలగడ్డ రేవులో ముప్పై ఏళ్లుగా రాళ్ల వ్యాపారం. సాహసాలు నా సరుకు కాదు. కానీ కిందటి మాఘంలో ఒక బైరాగి దగ్గర దంతపు దువ్వెన ఒకటి చవగ్గా వస్తే కొని, కుంభిపురం అంతఃపురంలో అమ్మాను. చవగ్గా వచ్చినప్పుడే అనుమానించాల్సింది. రాకుమారి కుముద్వతి దాన్ని తలలో పెట్టుకోగానే పొగలా సుడితిరిగి, ముడుచుకుని, రేగుపండంత నల్లరాయై నేల మీద పడింది. దాసి దాన్ని ఎత్తి దీపానికి అడ్డంగా పట్టి చూస్తుండగానే ఒక కాకి కిటికీలోంచి దూరి తన్నుకుపోయింది. ఆ కాకి ధూమకంఠుడనే మాంత్రికుడిది. బైరాగి కూడా వాడే.

మహారాజు నన్ను ఎక్కువసేపు నిలబెట్టలేదు. “నువ్వు తెచ్చిన సరుకుతో నా బిడ్డ పోయింది. నువ్వే తీసుకురా. తేలేకపోతే నీ తల తెచ్చి ఇక్కడ పెట్టు” అన్నాడు. న్యాయమే. ఎవడి సరుకు వల్ల నష్టం వచ్చిందో వాడే భరించాలి. అన్యాయమల్లా ఒక్కటే, నాకు తోడుగా తన కొడుకును పంపడం.

రాకుమారుడని తెలిస్తే ధర పెరుగుతుంది కనుక, గాజుకొండలో అతను నా అల్లుడిగా నటించాలని ముందే అనుకున్నాం.

“అల్లుడూ, ఆ మీసం కాస్త దించు. రాళ్ల వ్యాపారి అల్లుడికి అంత మీసం నప్పదు.”

“మీసం దించడం మా వంశంలో లేదు, మామా.”

“మీ మామ వంశంలో ఉంది. దించు.”

దించలేదు.

గాజుకొండ పేరుకు తగ్గట్టు నిజంగా గాజుదే. తొలి ఎండ తగలగానే అడుగు నుంచి కొన దాకా ఒక్కసారిగా వెలిగి, నీలం, పసుపు, నారింజ చారలు లోయంతా పాకుతాయి. మెట్లకిరువైపులా పగడపు చెట్లు. వాటి కొమ్మలకు వేలాడే పచ్చల గుత్తులు గాలికి ఒకదాన్నొకటి తాకి సన్నగా మోగుతుంటాయి. మెట్ల మీద నెమలిపింఛాల గొడుగులు, వాటి కింద సంత. ఒకడు చినుకులను దారానికి గుచ్చి దండలు అమ్ముతున్నాడు. ఒక ముసలామె నీడలను మడతలు పెట్టి, రాయి బరువు పెట్టి కూర్చుంది, ఎగిరిపోకుండా. ఆ సంతలో నాణెం చెల్లదు. ధర ఏళ్లలో. ఇరవై ఏళ్ల కుర్రాడొకడు ఎగిరే పావుకోళ్లు కొని, నలభై ఏళ్లవాడై మెట్లు దిగుతుంటే చూశాను. పావుకోళ్లు చేత్తో పట్టుకుని నడుస్తున్నాడు. ఎక్కి ఎగిరే ధైర్యం ఆ ఇరవై ఏళ్లతోనే పోయినట్టుంది.

ఈ కొండను ధూమకంఠుడికి వరమిచ్చిన కొండదేవత ఒక మెలిక పెట్టింది. వాడు ఎత్తుకొచ్చిన దేన్నైనా ఒక రోజు, పొద్దు పొడిచింది మొదలు గుంకేదాకా, అమ్మకానికి పెట్టాలి. కొనేవాడు ఒక్కసారే ఎంచుకోవాలి. తప్పు ఎంచుకున్నా, ఎంచుకోలేకపోయినా సరుకు ఎప్పటికీ మాంత్రికుడిదే. కుముద్వతిని అమ్మకానికి పెట్టింది మేం చేరిన ఆ రోజే.

కొండకొన మంటపంలో ధూమకంఠుడు పులితోలు మీద కూర్చుని ఉన్నాడు. సన్నటి మనిషి. మాట్లాడినప్పుడల్లా గొంతులోంచి సన్నటి పొగ. వెనక వాడి రాళ్లు సానపట్టే తాటిచెట్టంత సానరక్కసి, ముందు బండంత తిరగలి పెట్టుకుని గొణుక్కుంటోంది.

“రా శెట్టీ, రా. దువ్వెన బాగా అమ్ముడైందా?”

“అమ్ముడైంది స్వామీ. అందుకే వాపసు పని మీద వచ్చాను.”

“ఈ కుర్రాడెవరు?”

“అల్లుడు. పని నేర్చుకుంటున్నాడు.”

“మీసం పెద్దది.”

“పిల్లనిచ్చేటప్పుడు ఇంత లేదు స్వామీ.”

వాడు నవ్వి, ఒక చేట నా ముందుకు తోశాడు. అందులో నలభై రాళ్లు. అన్నీ రేగుపండంతవే, అన్నీ నల్లనివే, ఒక్కొక్కదానికీ పన్నెండు ముఖాలు.

“ఇందులో ఒకటి నీ రాకుమారి. తక్కినవి దాన్ని చూసి నేను చెక్కించినవి. పొద్దుగుంకేలోగా ఒక్కటి తియ్యి. తియ్యలేకపోయావా, చేటతో సహా తిరగలిలోకి. ఆ రాయి పొడి అంత బాగా అద్దాన్ని మెరుగుపెట్టేది ఇంకోటి లేదు. నా మాయాదర్పణం మసకబారి ఏడాదైంది.”

“మెత్తగా కావాలంటే రెండు వాయిలు పడతాయి, ముందే చెబుతున్నా” అంది సానరక్కసి. “ఆ జాతి రాయి గట్టిది. కిందటిసారి తిరగలి గంట్లు అరిగిపోయాయి. మళ్లీ కొట్టించమని మొత్తుకుంటున్నా. వింటేగా!”

హేమాంగదుడి చెయ్యి మొలలో దాచిన కత్తి మీదికి పోయింది. నేను అతని కాలు తొక్కాను. తర్వాతి రెండు ఝాముల్లో ఆ కాలు ఎన్నిసార్లు తొక్కానో లెక్కపెట్టడం మానేశాను.

రాకుమారి ఏ జాతి రాయైందో నాకు దాసి మాటల్లోనే తెలిసింది. చూడటానికి నలుపు. దీపానికి అడ్డంగా పెడితే అంచు మాత్రం నెత్తురు రంగు. సైజుకు మించిన బరువు. అది నల్లకెంపు. పేరుకే కెంపు, కెంపు జాతి కాదు. రంగు మరీ చిక్కనై వెలుతురు లోపలికి పోలేక నల్లగా కనబడుతుంది గానీ, పలచటి చోట నిజం బయటపడుతుంది.

“గీసి చూసుకో. కొట్టి చూసుకో. కాల్చి చూసుకో. నాకేం అభ్యంతరం లేదు” అన్నాడు ధూమకంఠుడు, తియ్యగా.

“బాగుంది!” అని హేమాంగదుడు పక్కనున్న స్ఫటికపు పలక అందుకున్నాడు. “నల్లకెంపు స్ఫటికాన్ని గీస్తుందని నువ్వే చెప్పావు కదా మామా! నలభైటినీ గీసేద్దాం. గీత పెట్టింది అ… అదే సరుకు.”

అతన్ని పక్కకు లాగి, చెవిలో చెప్పాను. “గీస్తుంది నాయనా. గీసేటప్పుడు దాని అంచు కూడా లేస్తుంది. ఈ రాయికి పొరలు లేవు, దెబ్బ తగిలితే గాజులా పెచ్చులూడుతుంది. రేపు మీ అక్క మనిషయ్యాక చెవి ఒకటి కనబడకపోతే మహారాజుకు ఏం చెబుతావు?”

పలక దించేశాడు. మొహం పాలిపోయింది. మరుక్షణమే మళ్లీ ఎర్రబడింది. “అయితే వాణ్ణి చంపేద్దాం.”

“చంపితే ఇందులో ఏది మీ అక్కో ఎవడు చెబుతాడు?”

అతను మీసం మెలేశాడు. ఇరుక్కున్నప్పుడల్లా చేసే పని అదే.

పనిలోకి దిగాను. మొదటి పరీక్ష పెదవి. రాయిని పైపెదవికి ఆనిస్తే చల్లదనం తెలుస్తుంది. గాజు చిటికెలో వెచ్చబడుతుంది, అసలు రాయి చల్లగానే ఉంటుంది. మా తాతల నాటి పద్ధతి. మొదటి రాయి పెదవి దాకా తీసుకెళ్లానో లేదో, హేమాంగదుడు నా మణికట్టు పట్టుకున్నాడు.

“ఏం చేస్తున్నావు!”

“పరీక్ష.”

“నోటితోనా? అది… అది ఆడకూతురు!”

“ఇప్పుడు రాయి.”

“ఒకవేళ ఇదే అయితే? మూతి ఆనిస్తావా? తల తీస్తాను!”

ధూమకంఠుడు మెడ సాచి చూస్తున్నాడు. “మా వాడికి ఎంగిలి పట్టింపు స్వామీ” అని నవ్వి, రాళ్లను చెంపకు ఆనించుకోవడం మొదలుపెట్టాను. మూడు రోజుల గడ్డం ఉన్న చెంప. పెదవికి తెలిసేది చెంపకు ఎలా తెలుస్తుంది? ఒక్కో రాయీ మూడుసార్లు ఆనించాల్సొచ్చింది. పెదవితో అయితే గడియ పని. దానికి ఒక ఝాము పోయింది. పధ్నాలుగు గాజుముక్కలు పక్కకు పోయాయి. ఇరవై ఆరు మిగిలాయి.

రెండోది తూకం. నా పెట్టెలో చిటికెనవేలంత త్రాసు ఉంది. రాయిని దారంతో వేలాడదీసి ఒకసారి గాలిలో తూచాలి, ఒకసారి నీళ్లలో ముంచి తూచాలి. నల్లకెంపు నీళ్లలో నాలుగోవంతు బరువు పోగొట్టుకుంటుంది. వైక్రాంతం అనే రాయి మూడోవంతు పోగొట్టుకుంటుంది. ఇనుపరాయి అయిదోవంతే. రాయి ఏ రంగు పూసుకున్నా, ఏ ఆకారం చెక్కించుకున్నా నీళ్ల ముందు అబద్ధం ఆడలేదు.

“మునిగితే ఊపిరాడదేమో” అన్నాడు హేమాంగదుడు.

పళ్లు కొరుక్కుంటూ తూచాను. పదిహేడు పోయాయి. తొమ్మిది మిగిలాయి.

ఆ తొమ్మిదీ చూసి నాకు కడుపు మండింది. వాటిలో కొన్ని నిజమైన కెంపులు, రంగు ముదిరి నల్లబడ్డవి. నీళ్లలో వాటికీ నాలుగోవంతే పోతుంది. అంత జాతిరాళ్లను మోసానికి ఎర వేస్తాడా! నిజాయితీ లేనివాళ్లను చాలామందిని చూశాను గానీ, సరుకంటే గౌరవం లేనివాణ్ణి అప్పుడే చూశాను.

ఇక కన్నే గతి. నా దగ్గర పలచటి వైక్రాంతపు రేకులు రెండున్నాయి. ఒకదాని మీద ఒకటి నిలువుగా పెడితే వెలుతురు వస్తుంది. ఒకదాన్ని అడ్డం తిప్పితే రెండూ కలిసి తలుపు మూసినట్టు వెలుతురు ఆపేస్తాయి. ఆ మూసిన తలుపు మధ్యన కెంపును పెట్టి సూర్యుడి వైపు తిప్పితే అంచు దగ్గర వెలుగు వస్తుంది, పోతుంది, మళ్లీ వస్తుంది. కెంపు వెలుతురును రెండుగా చీలుస్తుంది కనుక. నల్లకెంపు చీల్చదు. ఎటు తిప్పినా దానికి ఒకటే మాట, ఒకటే రంగు. తలుపు మూసి ఉంటే మూసే ఉంటుంది.

తొమ్మిది రాళ్లూ తిప్పాను. ఆరింటి అంచులు మినుకుమన్నాయి. మూడు చీకటిగానే ఉండిపోయాయి.

ఇంకోసారి రూఢి చేసుకోవడానికి ఆ మూడింటినీ ఒక్కొక్కటిగా బెండు ముక్క మీద పెట్టి నీళ్లలో తేలేసి, సూదంటురాయి దగ్గరగా పట్టాను. బెండు కదిలింది. మెల్లగా, మెల్లగా ఒడ్డుకు వచ్చింది.

హేమాంగదుడు కళ్లలో నీళ్లతో నా చెవి దగ్గరికి వంగాడు. “వస్తోంది మామా! నన్ను గుర్తుపట్టి వస్తోంది!”

“వస్తున్నది ఇనుము, అల్లుడూ. ఈ జాతి రాయిలో కాస్త ఇనుము ఉంటుంది.”

రెండో రాయీ అలాగే వచ్చింది. మూడోదీ వచ్చింది. అతను కళ్లు తుడుచుకుని నావైపు కోపంగా చూశాడు, రాళ్లలో ఇనుము నేనే పోసినట్టు.

అంటే మూడూ నిజమైన నల్లకెంపులే. ధూమకంఠుడు మోకాలు పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊగుతున్నాడు. వాడికి ముందే తెలుసు. నా పరీక్షలన్నీ రాయి ఏ జాతిదో చెబుతాయి. మనిషెవరో చెప్పవు. పొద్దు గుంకడానికి ఇక రెండు బారలే ఉంది. సానరక్కసి తిరగలికి చమురు పూస్తోంది.

భూతద్దంతో మూడింటి లోపలికీ చూశాను. మొదటిదానిలో మచ్చ లేదు. రెండోదానిలో వెంట్రుకల్లాంటి సూదులు అడ్డదిడ్డంగా పరుచుకుని, ఎండలో తిప్పితే నాలుగు రెక్కల చుక్క మెరిసింది. మూడోదానిలో ఒక మూలగా తూనీగ రెక్క లాంటి పొర. ఎప్పుడో లోపల విరిగి, మళ్లీ అతుక్కున్న జాడ.

“చుక్క ఉన్నదే!” అన్నాడు హేమాంగదుడు నా చెవిలో. “మాది నక్షత్ర వంశం. అది రాచ గుర్తు. తీసేయి.”

“ఆగు” అన్నాను నేనూ గుసగుసగానే. “మీ అక్కకు ఎప్పుడైనా ఎముక విరిగిందా?”

“లేదు.”

చాలా త్వరగా వచ్చింది ఆ జవాబు. త్వరగా వచ్చిన జవాబును నేను ఎప్పుడూ రెండోసారి తూస్తాను.

“చిన్నప్పుడైనా? ఎక్కడి నుంచైనా పడిందా?”

“రాచబిడ్డల దేహాల్లో లోపాలుండవు. ఉన్నాయన్నవాడి నాలుక కోయించాలని మా ముత్తాత శాసనం.”

“నా నాలుక తర్వాత కోద్దువుగానీ. ఒక సంగతి చెప్పు. మీ అంతఃపురంలో నేను పదేళ్లుగా నగలు అమ్ముతున్నాను. గాజులు కొంటారు, వంకీలు కొంటారు, వడ్డాణాలు కొంటారు. ఒక్కరంటే ఒక్కరు అందెలు కొనరు. రాణి కొనదు, దాసీ కొనదు. ఎందుకు?”

అతను తల పక్కకు తిప్పుకున్నాడు.

“అడుగుల చప్పుడు ఎవరికీ వినబడకూడదనా? ఒక కాలి చప్పుడు ఇంకో కాలి చప్పుడుకు సరిపడదనా?”

“మామా, ఆ మాట మళ్లీ అనకు.”

“పొద్దు చూడు, నాయనా! నీ పరువు కాపాడుకుంటావా, మీ అక్కను కాపాడుకుంటావా? రెండూ ఈ చేటలో లేవు!”

అతను నా చెవి దగ్గరికి వంగాడు. “ఎడమ కాలు. మోకాలి కింద. ఆమెకు తొమ్మిదేళ్లు, నాకు ఆరు. కొత్త గుర్రం ఎక్కుతానని ఏడిస్తే నన్ను ముందు కూర్చోబెట్టుకుంది. నేను గుర్రాన్ని అదిలించాను. నా మీద పడకుండా పక్కకు ఒరిగి, తను కింద పడింది. వైద్యుణ్ణి పిలిస్తే లోపం బయటపడుతుందని నాన్నగారు పిలవలేదు. అదే అతుక్కుంది, వంకరగా.”

పన్నెండుమంది దొంగల ముందు వంగని తల అప్పుడు వంగింది. అతన్ని నేను తిట్టలేదు. ఆ రోజు మొత్తంలో తిట్టనిది ఆ ఒక్కసారే.

మూడో రాయి తీసి ధూమకంఠుడి ముందు పెట్టాను. “ఇది.”

వాడి గొంతులో పొగ ఆగిపోయింది. సరైనదే అని అప్పుడు తెలిసింది. ఆపైన వాడు ఒళ్లోంచి ఎర్ర పట్టుగుడ్డ తీశాడు. “ఎంచావు సరే. ధర ఉందిగా. చెయ్యి ఇలా ఇవ్వు.”

రాళ్ల బేరం ఏ దేశంలోనైనా ఇంతే, నోటితో జరగదు. ఇద్దరి చేతుల మీదా గుడ్డ కప్పుకుని, లోపల వేళ్లు పట్టుకుని ధర చెప్పుకుంటారు. ఒక వేలు ఒకటి, పిడికిలి అయిదు. ఒకడు వేళ్లు పట్టుకుని ఉండగానే రెండోవాడు అరచేత్తో చరిచితే ఆ ధరకు బేరం ముగిసినట్టు, ఇక బ్రహ్మ దిగొచ్చినా మారదు. పట్టు వదిలితే ఆ ధర పోయినట్టే. గుడ్డ పైన నోటితో ఏం మాట్లాడినా అది ధర కాదు. కొనేవాడికి నోరున్నది సరుకును తిట్టడానికే.

ధూమకంఠుడు నా పిడికిలి నాలుగుసార్లు నొక్కాడు. ఇరవై ఏళ్లు. నాకు యాభై రెండు. నేను వాడి చిటికెనవేలు పట్టుకుని, నోరు విప్పాను.

“ఇరవయ్యా స్వామీ? దీని మొహం చూశారా? బొగ్గు ముక్క నయం, చలికి పనికొస్తుంది.”

గుడ్డ కింద పదిహేను.

“రంగు ముదిరిపోయింది. లోపలికి వెలుతురే పోదు. ఇలాంటిది ఎవడి ఇంట్లో ఉన్నా చీకటే.”

పక్కన హేమాంగదుడి ఊపిరి బరువెక్కడం వినబడింది. ఇదంతా బేరమని దారి పొడుగునా అతనికి చెప్పాను. పాఠంలా ఒప్పచెప్పించుకున్నాను కూడా.

పది.

“పైగా విరిగిన సరుకు. ఇదిగో, ఇక్కడ. ఎవడో పారేసిన ముక్కలా ఉంది. ఈ వంకర రాయిని ఊరికే ఇస్తే మోసుకుపోయినవాడికే నష్టం.”

ఏడు. తర్వాత నాలుగు. వాడు నా నాలుగు వేళ్లూ పట్టుకున్నాడు. వాడి పట్టులో బిగువు తగ్గుతోంది. ఇంకో రెండు తిట్లు తిడితే రెండుకు దిగేవాడు, నా ముప్పై ఏళ్ల అనుభవం మీద ఒట్టు.

“కుంటి సరుకు స్వామీ ఇది, దీన్ని…”

“నోరు ముయ్యి శెట్టీ!” మంటపం అదిరింది. హేమాంగదుడు లేచి నిలబడ్డాడు, చేతిలో కత్తి, కళ్లు చింతనిప్పులు. “మా అక్కను ఇంకొక్క మాట అన్నావంటే నరికేస్తాను! ఏడు సముద్రాల మణులన్నీ పోసినా ఆమె కాలిగోటికి సరిరావు!”

అమ్మేవాడి ఎదట సరుకును పొగిడే కొనుగోలుదారును నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు.

ధూమకంఠుడి మొహం వికసించింది. “అక్కా? ఓహో! రాకుమారులవారా! అయితే ధర మారుతుంది శెట్టీ. యాభై ఏళ్లు, అతని ఒంట్లోంచి.” గుడ్డ కింద వాడి వేళ్లు నా వేళ్లను వదలడానికి సడలాయి.

ఇంకా వదల్లేదు. వెంట్రుకవాసిలో చరిచాను. అరచెయ్యి టప్పున మోగింది. నాలుగు!

పట్టుగుడ్డ భగ్గున మండి బూడిదైంది. నా ఒంట్లోంచి చన్నీళ్లు తోడినట్టు నాలుగేళ్లు వెళ్లిపోయాయి. ముందుపన్ను ఒకటి ఊడి నాలుక మీద పడింది. రాయిని లాక్కుని హేమాంగదుడి చేతిలో కుక్కాను. “పట్టుకో. నీ వల్ల రెండేళ్లు అదనంగా పోయాయి, గుర్తుపెట్టుకో.”

“రాయి నీది శెట్టీ” అన్నాడు ధూమకంఠుడు లేస్తూ. వాడి గొంతు నుంచి పొగ సుళ్లు సుళ్లుగా లేచింది. “కొండ పొలిమేర దాటితే మంత్రం విడుతుంది. దాటితే కదా!”

వాడు చిటిక వేశాడు. సంత మెట్లన్నీ కరిగి నున్నటి గాజు జారుడుబండ అయిపోయాయి. కింద మేం లోపలికొచ్చిన కోట తలుపులు మూసుకున్నాయి. పగడపు చెట్ల మీంచి వేయి కాకులు లేచి ఎండను కప్పేశాయి. సానరక్కసి తిరగలి పైరాయి భుజానికెత్తుకుంది. “ఇప్పుడు పరిగెత్తించండి నన్ను! పొద్దున్నుంచీ కూర్చోబెట్టి ఇప్పుడు!” అని గర్జిస్తూ మా వెంట పడింది.

పరుగు. మంటపం వెనక లోయ. లోయకు అడ్డంగా అవతలి గట్టు దాకా ఒక మోకు, దానికి వేలాడే గంప. గనుల నుంచి రాళ్లు చేరవేసేది. హేమాంగదుడు నన్ను మూటలా గంపలోకి విసిరి, కాకుల మంద మీద కత్తి సుడిగాలిలా తిప్పాడు. రెక్కలు నల్లటి వానలా రాలాయి. సానరక్కసి విసిరిన తిరగలి రాయి మంటపపు స్తంభాన్ని పొడి చేసింది. అతను కట్టుతాడు తెగ్గొట్టి గంపలోకి దూకాడు. గంప కీచుమంటూ లోయ మీదికి జారింది. కింద ఎంత లోతో మబ్బులు అడ్డంగా ఉండి కనబడలేదు. కనబడకపోవడమే మేలు.

“గెలిచాం మామా!” అన్నాడు.

“అవతల దిగాక చెప్పు.”

సగం దూరం వెళ్లాం. అక్కడ లోయ మధ్యన గాలిలో సన్నటి తెర లాంటిది మొహాలకు తగిలింది. కొండ పొలిమేర. దాటగానే కాకులు వెనుదిరిగాయి. అదే క్షణాన హేమాంగదుడి చెయ్యి దభీమని గంప అడుగుకు కొట్టుకుంది.

“రాయి బరువెక్కుతోంది!”

అంతే రాయి. అదే రేగుపండు సైజు. కానీ రెండు చేతులతోనూ ఎత్తలేకపోతున్నాడు. అంచుల ఎరుపు లోపలికి పాకుతోంది, నలుపు కరుగుతోంది. మంత్రం విడుతోంది. ఆకారం రాలేదు, ముందు బరువు వచ్చింది. మనిషి బరువు.

పైన మోకు పురి ఒకటి ఫట్టున తెగింది. గంప ఆగిపోయింది.

నా పెట్టె తీసి లోయలో పారేశాను. త్రాసు, వైక్రాంతపు రేకులు, సూదంటురాయి, భూతద్దం, మా తాతనాటి బతుకంతా మబ్బుల్లో పడి మాయమైంది. గంప జానెడు కదిలి మళ్లీ ఆగింది. ఇంకో పురి తెగింది. రాయి లోపలినుంచి ఎవరో నిద్రలో మూలిగినట్టు సన్నగా వినబడింది.

హేమాంగదుడు మోకు వైపు చూశాడు. రాయి వైపు చూశాడు. ప్రయాణం మొత్తం మీద మొదటిసారి నన్ను ఒక లెక్క అడిగాడు.

“నువ్వు తూకాల మనిషివి. సరిగ్గా చెప్పు మామా. ఇది అవతలికి చేరాలంటే ఇంకెంత తగ్గాలి?”

“ఒక మనిషి” అన్నాను.

జన్మంతా తూకంలో కాస్త అటో ఇటో చెప్పి బతికినవాణ్ణి. అబద్ధం చెప్పాల్సిన చోట సరిగ్గా చెప్పాను. నేను నోరు మూసేలోగా అతను రాయిని నా ఒళ్లోకి దొర్లించి, ఒక కాలు గంప అంచు దాటించాడు.